రెండో బెజ్జంలో చీల

మీటక్క పంతొమ్మిదేళ్ళలో ఎన్ని గ్లైడర్లని ఆకాశానికి ఎక్కించిందో ఎవరూ లెక్క పెట్టలేదు గానీ, తను ఎక్కింది మాత్రం ఒక్కసారే. దిగాక ఎలా ఉందని అడిగితే, "బాగానే ఉంది. కాకపోతే పట్టుకోడానికేమీ లేదు," అంది. ఆ తర్వాత ఆమెని ఎవరూ ఎక్కమనలేదు.

ఆమె చేతిలో ఎప్పుడూ ఒక మీట ఉండాలి. అంతకుముందు రాతి క్వారీలో మీట పట్టేది. గోతిలోంచి రాళ్ళ బోను పైకి లాగడం, ఖాళీ బోను కిందికి దింపడం. బోనులో ఒక్కోసారి మనుషులు కూడా ఉండేవాళ్ళు. ఆమె దింపితే కాళ్ళకి నేల తగిలినట్టే తెలిసేది కాదని కూలీలు చెప్పుకునేవాళ్ళు. గోతిలో నీళ్ళు ఊరి క్వారీ మూతబడ్డాక, గ్లైడింగ్ నేర్పే మాస్టారు ఆ మాట విని ఆమెని వెతుక్కుంటూ వచ్చాడు. పెళ్ళి సంగతి ఎవరైనా ఎత్తితే, "మీట పట్టిన చేతికి ఇంకొకటి పట్టే తీరిక లేదు," అనేది. అప్పట్నుంచే ఆమె మీటక్క. అసలు పేరు జీతం కాయితం మీద ఉండేది.

గ్లైడరుకి ఇంజను ఉండదు. పొడుగాటి రెండు రెక్కలు, మధ్యలో ఇరుకు తొట్టిలాంటి చోటు, అందులో ఒకరో ఇద్దరో మనుషులు, అంతే. దాన్ని పైకి చేర్చడానికి ఎవరో ఒకరు ఉండాలి. చేరాక, ఎండకి నేల వేడెక్కి పైకి లేచే గాలిని వెతుక్కుని గద్దలా చుట్టూ తిరుగుతూ ఉండిపోవడం పైలట్ నేర్పు. ఈ క్లబ్బులో పైకి చేర్చే పని వించిది. గడ్డి మైదానానికి ఒక కొసన గ్లైడరు, కిలోమీటరు అవతల రెండో కొసన వించి. పాత లారీ ఇంజను, దానికి ఇనప డ్రమ్ము, డ్రమ్ముకి చుట్టుకునే తాడు, ఇనప జాలీ వెనక ఒక సీటు. మీటక్క మీట తోస్తే తాడు బిగుసుకుంటుంది, గ్లైడరు నాలుగడుగులు దొర్లి, గాలిపటంలా ముక్కెత్తి లేస్తుంది. ముప్పై నలభై సెకన్లలో నాలుగు వందల మీటర్లు. అక్కడ పైలట్ కొక్కెం వదిలేస్తాడు. తాడు దాని కొసనున్న చిన్న పారాచూట్ గొడుగు పట్టుకుని కిందికి దిగుతుంది.

మీట కదిలే ఇనపరేకుకి రెండు బెజ్జాలుంటాయి. మనిషి ఒక్కడైతే ముందు బెజ్జంలో చీల పెట్టాలి, ఇద్దరైతే రెండో బెజ్జంలో. చీల ఎక్కడుంటే మీట అక్కడే ఆగుతుంది, అంతకు మించి జోరు రాదు. అవతలి కొసనుంచి వాకీటాకీలో, "రెండు సీట్లది, ఇద్దరు," అనో, "ఒక సీటుది," అనో చెప్తారు. మీటక్క చీల చూసుకుని, "సరే," అంటుంది.

ఆ ఏడు క్లబ్బులో ఒకటే గొడవ. పళ్ళ డాక్టరు లాగుడు విమానం తెద్దామన్నాడు. ఇంజను ఉన్న చిన్న విమానం ముందు ఎగురుతుంటే, దాని వెనక తాడుతో గ్లైడరు వెళ్తుంది. ఎంత ఎత్తు కావాలంటే అంత ఎత్తు తీసుకెళ్ళి వదులుతుంది. డాక్టరు చెడ్డవాడేం కాదు. వేళ్ళ మధ్య ఏముంటే దాన్ని గట్టిగా పట్టుకుని లాగడం అలవాటైన మనిషి, అంతే.

శనివారం పొద్దున షెడ్డులో టీ దగ్గర మళ్ళీ మొదలుపెట్టాడు.

"వించి మీద ఎక్కామా, దిగామా. గాలి దొరక్కపోతే ఆరు నిమిషాల్లో గడ్డి మీద. నా దగ్గర పన్ను పీకించుకునేవాడు కూడా ఇంతకన్నా ఎక్కువసేపు కూర్చుంటాడు."

"వాణ్ణి మీరు లేవనివ్వరు కాబట్టి," అన్నాడు మాస్టారు. "గాలి వెతకడం రానివాణ్ణి ఎనిమిది వందల మీటర్లలో వదిలినా ఆ ఆరు నిమిషాలు పన్నెండవుతాయి. అంతే తేడా. తాడు చాలలేదని బావి పూడ్చుకుంటారా?"

"బావి పూడ్చమనలేదు, మోటారు పెట్టమన్నాను."

"ఎద్దు తోక పట్టుకుని ఏరు దాటినట్టుంటుంది మీ లాగుడు. ముందువాడు ఎటు ఊగితే మనమూ అటు ఊగాలి. వించి మీద నేర్చినవాడికి తాడు తెగితే ఏం చెయ్యాలో మొదటి వారంలోనే వస్తుంది."

"తాడు తెగడం కూడా ఒక సుగుణమేనా మాస్టారూ?"

మూలన కూర్చున్న దర్జీ నవ్వాడు. "నాకు వించే బావుంటుందండీ. సూదిలోకి దారం ఎక్కినట్టు, చటుక్కున."

దర్జీకి యాభై రెండేళ్ళు. బజారు వీధిలో ఒంటి గది దుకాణం. ముప్పై ఏళ్ళు నేల చూస్తూ మిషను తొక్కాక, ఒకరోజు కిటికీలోంచి గ్లైడరు కనబడి, కొలతలు తీసుకుంటున్న మనిషిని అలాగే వదిలేసి వీధిలోకి వచ్చి నిలబడ్డాట్ట. అప్పట్నుంచి వారం వారం వస్తున్నాడు. మాస్టారిని వెనక సీట్లో పెట్టుకుని అరవై మూడు సార్లు ఎక్కాడు. కుర్రాళ్ళు ఇరవై ఐదుసార్లకే ఒంటరిగా వెళ్ళిపోయారు. అతను ప్రతిదీ రెండుసార్లు కొలిచి ఒకసారి కత్తిరించే రకం.

"టీ తాగెయ్," అన్నాడు మాస్టారు అతనితో. "ఇవాళ పొద్దున మూడుసార్లు నాతో రా. బావుంటే నాలుగోసారి నేను కిందే ఉంటా."

దర్జీ గ్లాసు కింద పెట్టాడు. మళ్ళీ ముట్టుకోలేదు.

మూడుసార్లూ బావుంది. నాలుగోసారి వాకీటాకీలో మాస్టారి గొంతు వచ్చింది. "రెండు సీట్లది. ఒకరే. దర్జీ ఒక్కడే వెళ్తున్నాడు."

మీటక్క విన్నది. "సరే," అంది కూడా. ఆమె మనసులో ఆ క్షణాన ఉన్నది, అబ్బో, వెళ్తున్నాడన్నమాట, అనే సంతోషం. పొద్దుట్నుంచి పదకొండుసార్లు అదే గ్లైడరు, అందులో ఇద్దరే. చెయ్యి అలవాటు ప్రకారం చీల మీద పడింది, అది గట్టిగా ఉందని చూసుకుంది. గట్టిగానే ఉంది. రెండో బెజ్జంలో.

తాడు బిగిసింది. మీట చీలదాకా వెళ్ళింది. డెబ్భై ఐదు కిలోల మాస్టారు వెనక లేడు. గ్లైడరు ఎవరో వెనకనుంచి తన్నినట్టు ముందుకొచ్చి, నేల విడిచి, ముక్కు నిటారుగా ఎత్తేసింది. ఆమెకి మీట కింది ఇంజను మోతలోనే తేడా తెలిసిపోయింది. బరువు లాగే మోత కాదది. చెయ్యి వెనక్కి తీసేలోపే తాడు చివరి ముక్క టప్పున తెగింది. మితిమీరిన జోరు వస్తే రెక్కలకన్నా ముందు తెగిపోవాలని కావాలని పెట్టే ముక్క అది. అరవై మీటర్ల ఎత్తు. దర్జీ ముక్కు దించాడు, తిన్నగా ఎదురుగానే దిగాడు. నేర్పినదంతా నేర్పినట్టే చేశాడు, కాకపోతే కాస్త బరువుగా దిగాడు. చక్రం టైరు పేలి, గ్లైడరు పక్కకి వాలి ఆగింది. పైకప్పు తెరుచుకుని మనిషి లేచి నిలబడటం మీటక్క అంత దూరంనుంచి చూసింది.

అప్పుడు చీల వంక చూసింది.

తర్వాత తను చేసిన పని గురించి ఆమె చాలాసేపు ఆలోచించాల్సి వచ్చింది. ఎందుకంటే ఆ పని ఆలోచించి చేసింది కాదు. రెండో బెజ్జంలోంచి చీల లాగి ముందు బెజ్జంలో పెట్టింది. జీపు వచ్చేసరికి అంతా సవ్యంగా ఉంది.

జీపులో వచ్చిన డాక్టరు వంగి చూశాడు. "చీల సరిగ్గానే ఉంది. మనవాడే కర్ర వెనక్కి లాగేసి ముక్కు ఎత్తేశాడన్నమాట."

మీటక్క నోరు విప్పింది. "వాడు బానే ఉన్నాడా?" అన్న మాటే వచ్చింది.

ఈ క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. సాయంత్రం గ్లైడర్లని షెడ్డులోకి తోశాక, రెక్కల అంచుకి అంటుకున్న పురుగుల్ని తడిగుడ్డతో తుడుస్తారు. తుడిచేవాడు ఆ రోజు తను చేసిన తప్పు చెప్పాలి. రెక్క మొదట్లో మొదలుపెట్టి కొసకి వెళ్ళేదాకా అతని మాటే మాట, మధ్యలో ఎవరూ నోరెత్తకూడదు, నవ్వకూడదు, తిట్టకూడదు. వించి అవతలి కొసన ఉంటుంది. దానికి గుడ్డ కప్పి, తాడు సర్ది మీటక్క వచ్చేసరికి రెక్కలు ఆరిపోయి ఉండేవి. పంతొమ్మిదేళ్ళలో ఆమె ఒక్కసారీ గుడ్డ పట్టలేదు. ఎవరికీ తోచలేదు, ఆమెకీ తోచలేదు.

ఆ సాయంత్రం మాత్రం జీపులో తొందరగా వచ్చింది. దర్జీ తుడుస్తున్నాడు.

"నేనే లాగానండీ," అంటున్నాడు, గుడ్డ వైపే చూస్తూ. "లాగినట్టు నాకు గుర్తు లేదు. అదే నాకు భయంగా ఉంది. కర్ర ముందుకే పట్టుకున్నాననుకున్నాను. కానీ ముక్కు లేచింది, మీరంతా చూశారు. అంటే చెయ్యి నాకు చెప్పకుండా లాగిందన్నమాట."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మీటక్క చేతులు రెండూ వెనక దాచుకుంది. ఎవరూ ఆమె వైపు చూడలేదు.

రెక్క కొసకి చేరాక డాక్టరు మెత్తగా అన్నాడు. "వయసు కూడా చూసుకోవాలి. తెలియకుండా చెయ్యి కదిలిందంటే చిన్న విషయం కాదు. రేపు కమిటీలో మాట్లాడదాం. వించి సంగతి ఎలాగూ రేపే కదా."

ఆదివారం పొద్దున మీటక్క కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది. ఆమె, మొగుడు పోయిన చెల్లెలు, ఇద్దరే ఆ ఇంట్లో. చెల్లెలు మందుల దుకాణంలో పని చేస్తుంది, మనిషి మొహం చూసి ఏ మందుకొచ్చాడో చెప్పేస్తుంది.

"ఆ గిన్నె ఏం పాపం చేసిందే అక్కా? నిన్నట్నుంచి స్నానం చేయిస్తున్నావు."

మీటక్క చెప్పింది. నాలుగు మాటల్లో అయిపోయింది.

చెల్లెలు ఆ గిన్నె లాక్కుని బోర్లించింది. "చెప్తే ఏమవుతుంది?"

"వించి పోతుంది. డాక్టరుకి కావలసింది అదే. వించి మీద మనిషి తప్పు చేస్తే ఇంతే సంగతులని ఎప్పట్నుంచో అంటున్నాడు."

"చెప్పకపోతే?"

"దర్జీ పోతాడు."

"ఎక్కడికి పోతాడు? బంగారంలా బట్టలు కుట్టుకుంటాడు. వాడేమన్నా నీకు మేనత్త కొడుకా?" అంది చెల్లెలు. తర్వాత గొంతు తగ్గించింది. "యాభై ఆరేళ్ళొచ్చాయి నీకు. ఇప్పుడు నిన్ను ఏ గోతి దగ్గర మీట పట్టమంటారే?"

"అదే ఆలోచిస్తున్నా."

"మరి ఆలోచించు. నేను మాత్రం వెళ్ళి చెప్పమనను," అంది చెల్లెలు. గుమ్మం దాటి చెప్పులు వేసుకుంటూ, "చెప్పొద్దనీ అనను," అని వెళ్ళిపోయింది.

ఆ రోజు ఇరవై ఆరుసార్లు గ్లైడర్లు ఎక్కాయి. మీటక్క ప్రతిసారీ చీల మీద వేలు పెట్టి, బెజ్జం పైకి చెప్పుకుని, అప్పుడు మీట తోసింది. దిగిన డాక్టరు వాకీటాకీలో, "ఇవాళ వెన్నలో కత్తి దిగినట్టుందక్కా. మిమ్మల్ని చూస్తే వించి తీసెయ్యాలంటే నాకే బాధగా ఉంది," అన్నాడు. ఆమె, "సరే," అంది. ఆ మాటొకటే ఆమెకి వాకీటాకీలో వచ్చేది.

సాయంత్రం తాడు సర్దలేదు. గుడ్డ కప్పలేదు. జీపు కోసం ఆగకుండా కిలోమీటరు నడిచి వచ్చింది.

దర్జీ ఎగరడానికి రాలేదు. రెండు సీట్ల గ్లైడరు పైకప్పుకి తొడుగు కుట్టి ఇస్తానని మాటిచ్చాడట, అది ఇవ్వడానికి వచ్చాడు. తొడుగు మడతపెట్టి బల్లమీద పెట్టి నిలబడ్డాడు.

"కమిటీకి శ్రమెందుకండీ. నేనే మానేస్తాను. పొద్దున ఒక కోటు గుడ్డ బల్లమీద పరిచాను. కత్తెర పట్టుకున్నాను గానీ చెయ్యి దించలేకపోయాను. ఇది మళ్ళీ నాకు చెప్పకుండా కదిలితే? పరాయివాళ్ళ గుడ్డ. మడిచి పక్కన పెట్టేశాను." కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు. "నిన్నట్నుంచి ఈ చేతిని దొంగని కనిపెట్టినట్టు కనిపెడుతున్నాను."

మీటక్క బకెట్ దగ్గరికి వెళ్ళింది. తుడవాల్సిన కుర్రాడు ఇంకా మొదలుపెట్టలేదు, ఆమె అతని చేతిలోంచి గుడ్డ తీసుకుని పిండింది. మాస్టారు ఏదో అనబోయి, గుడ్డ ఆమె చేతిలో చూసి ఆగిపోయాడు.

"నిన్న ఒకరే అని చెప్పారు," అంది మీటక్క, రెక్క మొదట్లో గుడ్డ ఆనించి. "విన్నాను. చీల ఇద్దరి బెజ్జంలోనే ఉండిపోయింది. చూశాను కూడా. గట్టిగా ఉందా అని చూశాను గానీ ఎక్కడుందని చూడలేదు. ఆ జోరుకి ముక్కు దానంతటదే లేస్తుంది. దర్జీ కర్ర లాగలేదు. వాడి స్థానంలో ఎవరున్నా ముక్కు లేచేది." రెండడుగులు జరిగింది. "తర్వాత జీపు వచ్చేలోపు చీల తీసి ముందు బెజ్జంలో పెట్టాను. డాక్టరు చూసింది అది."

చెప్పాల్సింది అయిపోయింది. రెక్క ఇంకా ఆరు మీటర్లుంది. పద్ధతి ప్రకారం ఎవరూ మాట్లాడకూడదు. ఆమె తుడుస్తూ వెళ్ళింది. ఒకచోట పురుగు ఎండి అంటుకుపోయింది, దాన్ని గోటితో గీకి తీయాల్సి వచ్చింది. కొస తుడిచి, గుడ్డ మడిచి, నిలబడింది.

ముందు దర్జీ మాట్లాడాడు. "అయితే నేను లాగలేదా?"

"లేదు."

"నిజంగా?"

"లేదు తమ్ముడూ."

అతను కుడిచేతిని వదిలేశాడు. వేళ్ళు ఒకసారి ముడిచి తెరిచాడు. సంతోషమో కోపమో తెలియని మొహంతో ఆమెని చూశాడు. "నిన్న నేను తుడుస్తున్నప్పుడు నువ్విక్కడే ఉన్నావు కదక్కా," అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. టీ కూడా తాగలేదు.

మాస్టారు కుర్చీలో కూర్చున్నాడు. "చీల మర్చిపోవడం మనిషన్నవాడు చేసే పని. మార్చడం వేరే పని."

"అవును," అంది మీటక్క.

"నేను కోప్పడితే పద్ధతి చెడుతుంది. కోప్పడటం లేదు."

"మీరు కోప్పడుతున్నారు మాస్టారూ," అన్నాడు డాక్టరు. "నేను కోప్పడటం లేదు. నేను చెప్తున్నది ఇదే కదా, చెయ్యి ఎంత మంచిదైనా చెయ్యే." ఇంకోమాట కూడా కలిపాడు. "ఆవిడ చెప్పకపోతే మనం ఒక మంచి పైలట్ని ఇంటికి పంపి, లోపం లోపంలాగే ఉంచుకునేవాళ్ళం. అది కూడా రాయండి."

కమిటీవాళ్ళు చేతులెత్తి ఓట్లు వేశారు. లాగుడు విమానం తెప్పించాలని తేలింది. నేర్చుకునేవాళ్ళ కోసం వించి ఈ ఏడాది చివరిదాకా ఉంటుంది. వాకీటాకీలో ఎంతమందని చెప్పగానే వించి మనిషి, "సరే," అనకుండా, ఏ బెజ్జమో తిరిగి చెప్పాలి. మీటక్క రెండు నెలలు మీట ముట్టకూడదు, ఆ తర్వాత మళ్ళీ మాట్లాడుకుంటారు. అందాకా గ్లైడర్లు బయలుదేరే కొసన పని చెయ్యొచ్చు, ఆమెకి ఇష్టమైతే.

"ఇష్టమేనా?" అని అడిగాడు మాస్టారు.

"ఇంట్లో గిన్నెలన్నీ కడగడం అయిపోయింది," అంది.

తర్వాతి శనివారం ఆమె బయలుదేరే కొసన నిలబడింది. అక్కడి పని వేరు. తాడు కొస తెచ్చి గ్లైడరు కడుపు కింద కొక్కేనికి తగిలించాలి. నేలకి వాలి ఉన్న రెక్క కొసని ఎత్తి సమంగా పట్టుకోవాలి. గ్లైడరు కదిలితే దానితో నాలుగడుగులు పరుగెత్తాలి. రెక్క చేతిలో ఏమాత్రం బరువుండదని ఆమెకి అప్పటిదాకా తెలియదు. రెండు వేళ్ళ మీద నిలబడుతుంది. పట్టుకోవాల్సింది కాదు, ఆనించి ఉంచాల్సింది. మొదటి రెండుసార్లు గట్టిగా పట్టుకుని మాస్టారిచేత మాట పడింది.

మధ్యాహ్నం దర్జీ వచ్చాడు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకుండా మాస్టారితో రెండుసార్లు ఎక్కి దిగాడు. మూడోసారి మాస్టారు వెనక సీటు బెల్టులు ముడేసి బయటికి వచ్చేశాడు. మీటక్క తాడు పట్టుకుని వచ్చి గ్లైడరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"వించి మీద ఎవరు?" అన్నాడు దర్జీ, ఎదురుగా చూస్తూ.

"డాక్టరు."

"పన్ను పీకినట్టు పీకడు కదా?"

"పీకడు. భయస్తుడు, నెమ్మదిగా మొదలెడతాడు. మొదట్లో కాస్త ఎక్కువసేపు దొర్లుతావు, కంగారు పడకు."

దర్జీ బెల్టు బిగించుకున్నాడు. "నువ్వుంటే బావుండేదని అనను అక్కా. ఇప్పుడప్పుడే అనను."

"అనకు," అంది ఆమె. కొక్కెం తగిలించి, లాగి చూసి, లేచింది.

రెక్క ఎత్తింది. మాస్టారు వాకీటాకీలో చెప్పాడు, అవతలనుంచి డాక్టరు బెజ్జం పేరు గట్టిగా తిరిగి చెప్పాడు. గడ్డిలో తాడు పాములా జరిగి బిగుసుకుంది. ఆమె మూడడుగులు పరుగెత్తింది, నాలుగో అడుగుకి రెక్క చేతుల్లో లేదు. పంతొమ్మిదేళ్ళు గ్లైడర్లు తన వైపు రావడమే చూసింది. వెళ్ళిపోవడం ఇలా ఉంటుందని ఇప్పుడే చూడటం. చిన్నదవుతూ, నిబ్బరంగా, వంకర లేకుండా ఎక్కింది. పైన తాడు విడివడింది.

ఒక చుట్టు తిరిగి దిగిపొమ్మని చెప్పి పంపాడు మాస్టారు. ఐదు నిమిషాలయింది. ఎనిమిదయింది. పాత క్వారీ బండల మీద ఎక్కడో పైకి లేచే గాలి తగిలినట్టుంది, దర్జీ దాన్ని వదలకుండా చుట్టూ తిరుగుతున్నాడు, ఒక్కో చుట్టుకీ కొంచెం పైకి.

"దిగమంటే ఊరేగుతున్నాడు చూడు," అని మాస్టారు మెడ వెనక్కి వంచి సణుగుతున్నాడు. "కిందికి రానీ, వీడి పని చెప్తా." మొహంలో మాత్రం ఆ కోపం లేదు.

మీటక్కకి ఇంకాసేపు చూడాలనే ఉంది. కానీ జీపు తాడు కొస తెచ్చేసింది, ఇంకో గ్లైడరు రెక్క వాల్చి ఎదురుచూస్తోంది. ఆమె వెళ్ళి రెండు వేళ్ళతో రెక్క ఎత్తింది.